కొసరు ఫోను

అయ్యా, నేను డాలస్ శివార్లలో ఒక ఇంటికీ, ఆ ఇంటి మీది అప్పుకూ, ఆ అప్పు తీర్చే ఉద్యోగానికీ కాపలా కాస్తున్న సామాన్య సంసారిని. కోర్టు మెట్లెక్కే స్తోమత లేక, కస్టమర్ కేర్ వాళ్ళు వినిపించే సంగీతం ఇంక వినే ఓపిక లేక, ఈ అర్జీ పెట్టుకుంటున్నాను. నా ఫిర్యాదు ఒక ఫోను గురించి. అది నాకు ఉచితంగా వచ్చింది. దాన్ని ఉంచుకోవడానికి 322 డాలర్లు కట్టాను. రెండూ నిజాలే.

కంపెనీ పేరు చెప్పను. చెబితే మిగతా కంపెనీలవాళ్ళు మేమేం తక్కువ తిన్నామా అని నొచ్చుకుంటారు.

ఇరవై రెండు నెలల కిందట వాళ్ళ షాపుకు వెళ్ళాను. గళ్ళ చొక్కా కుర్రాడొకడు ఫోను నా అరచేతిలో పెట్టి, ఫ్రీ అన్నాడు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా పుచ్చుకునే వంశం మాది. ఫోను ధర 828 డాలర్లట. దాన్ని 36 వాయిదాలు చేసి, నెలకు 23 చొప్పున నా పేర రాస్తారట. ఆ నెలే ఇంకో 23 క్రెడిట్ అని వేసి దాన్ని కొట్టేస్తారట. బిల్లులో ఒక గీతలో ప్లస్ 23, దాని కిందే మైనస్ 23. చూడ్డానికి ముచ్చటగా, కొత్త దంపతుల్లా ఉన్నాయి. కౌంటరు దగ్గర మాత్రం 828 మీద 8.25 శాతం లెక్కన 68 డాలర్ల 31 సెంట్లు సేల్స్ టాక్స్, యాక్టివేషన్ ఫీజు మరో 35 పుచ్చుకున్నాడు. ఉచితానికి పన్నేమిటి నాయనా అంటే, అది టెక్సాస్ ప్రభుత్వాన్ని అడగాలన్నాడు. ప్రభుత్వం లెక్కలో ఆ వస్తువు ధర 828, నా లెక్కలో సున్నా. నేను సున్నానే నమ్మాను.

దీనికి కారణం నా పెంపకం. మా తెనాలిలో కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ వచ్చేది. వంకాయలు తూచాక మా అమ్మ చెయ్యి చాపి నిలబడేది. ముసలమ్మ సణుగుతూనే రెండు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో కొసరు వేసేది. మర్నాడు మేము వేరే గంప దగ్గర బెండకాయలు కొన్నా, "నా మిరపకాయలు నాకిచ్చెయ్యి" అని ఏనాడూ అరుగెక్కలేదు. కొసరంటే అదీ. అసలు కంటే కొసరు ముద్దు అంటారు గానీ, కొసరు తీసుకున్న పాపానికి అసలు దగ్గర మూడేళ్ళు పడి ఉండాలని ఏ సామెతలోనూ లేదు.

పోయిన నెల ఆఫీసులో పక్క సీటాయన ఒక రహస్యం చెప్పాడు. నేను నెలకు 65 కడుతున్న లైనుకు ఆయన 25 కడుతున్నాడు. చిన్న కంపెనీ. సొంత టవర్లు లేవు. పెద్దవాళ్ళ టవర్ల మీద అద్దెకుంటుంది. అదే టవరు, అదే సిగ్నలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి కంపెనీకి ఫోను చేశాను. వాళ్ళిచ్చిన ఫోనుతోనే.

మానేస్తానన్న మాట వినగానే నన్ను లాయల్టీ డిపార్ట్‌మెంటుకు మార్చారు. తెలుగులో విశ్వాస శాఖ అనుకోండి. మా వీధిలో ఆ గుణం కుక్కలకు ఆపాదించేవాళ్ళు. నలభై నిమిషాల సంగీతం తరవాత ఒకావిడ ఎంతో ఆప్యాయంగా పలికింది. నేను వెళ్ళిపోతే క్రెడిట్లు ఆగిపోతాయట. మిగిలిన 14 నెలల బాకీ, అంటే 322 డాలర్లు, ఒక్కసారే కట్టాలట.

"అయితే మీ ఫోను మీరే తీసుకోండి" అన్నాను.

"అది మీ ఫోనే సార్, మేమెలా తీసుకుంటాం?"

"నా ఫోనే అయితే తాళం తియ్యండి, వేరే కంపెనీలో వాడుకుంటాను."

"బాకీ తీరాక తీస్తాం సార్."

ఇచ్చేయబోతే నాది, వాడుకోబోతే వాళ్ళది. ఇల్లరికపు అల్లుడి ఆస్తి కూడా ఇంతకంటే నయం.

చరిత్ర తిరగేశాను. ఒకప్పుడు ఈ దేశంలో ఇంత మర్యాద ఉండేది కాదు. 2008లో వచ్చిన ఐఫోన్ 3జీని 199 డాలర్లకు ఇచ్చి, రెండేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకునేవారు. మధ్యలో వెళ్ళిపోతే జరిమానా. 2009 నవంబరులో వెరైజన్ స్మార్ట్‌ఫోన్ల జరిమానాను 175 నుంచి 350 చేసింది. 2010లో ఏటీ అండ్ టీ 325 చేసింది. రెండుచోట్లా నెలకో పది డాలర్లు తగ్గించేవారు. జనం తిట్టారు, టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సంజాయిషీ అడిగింది. 2013లో టీ-మొబైల్ కాంట్రాక్టులే ఎత్తేసింది. తరవాత మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. జరిమానా అనే మాట పోయింది. దాని స్థానంలో కానుక వచ్చింది. ఇప్పుడు లెక్క చూడండి. ఆ రోజుల్లో ఏటీ అండ్ టీ నుంచి 22 నెలలకు బయటపడినవాడు 325లో 220 పోగా 105 కట్టేవాడు. కానుక పుచ్చుకున్న నేను 322 కట్టాను. దండించిన కాలంలోనే దయ ఎక్కువుండేది.

తాళం కథ ఇంకా చిత్రం. ఫోను తాళం ఎవరు తీయవచ్చో ఇక్కడ తేల్చింది పోలీసులు కాదు, లైబ్రేరియన్. ఆ తాళం సాఫ్ట్‌వేరు గనక కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది; ఆ చట్టానికి మినహాయింపులిచ్చే అధికారం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పెద్దది. 2012లో ఫోను తాళానికున్న మినహాయింపు తీసేశారు. మనం జెండా ఎగరేసుకునే 2013 జనవరి 26 నుంచి, కొత్తగా కొన్న ఫోనుకు కంపెనీ అనుమతి లేకుండా తాళం తీయడం నేరమైంది. 1,14,000 మందికి పైగా వైట్‌హౌస్‌కు అర్జీ పెట్టుకున్నారు. 2014 ఆగస్టు 1న ఒబామా కొత్త చట్టం మీద సంతకం చేస్తే ఆ నేరం నేరం కాకుండా పోయింది. బాకీ మాత్రం బాకీగానే ఉంది.

ఈ గోడంతా విజయవాడలో ఉన్న బామ్మర్దికి వెళ్ళబోసుకున్నాను. "అదేంటి బావా, ఇక్కడ ఫోను షాపులో కొంటాం, సిమ్ము రోడ్డు పక్కన గొడుగు కింద కొంటాం. నచ్చకపోతే 1900కి మెసేజ్ కొట్టి మారిపోతాం" అన్నాడు. అంతటితో ఆగక, "పోనీ ఆ ఫోను నాకు పంపించు" అన్నాడు. పంపినా సిమ్ము ఎక్కడ పెడతావురా? ఇది ఐఫోను. 2022 సెప్టెంబరు నుంచి అమెరికాలో విడుదలైన కొత్త ఐఫోన్లకు సిమ్ము దూర్చే సందే లేదు, అంతా ఈసిమ్మే. ఆ మాటంటే వాడు నవ్వాడు. 2003లో రిలయన్స్ 501 రూపాయలకు ఇచ్చిన ఫోనుకూ సిమ్ము సందు ఉండేది కాదట, నంబరు ఫోనులోనే ఉండేదట. "ఇరవై ఏళ్ళు కష్టపడి మా దగ్గరికే వచ్చారు బావా" అన్నాడు. బామ్మర్దులకు అమెరికా అంటే భయం పోయింది.

ఆ రాత్రి కోపంతో కాగితం తీసి లెక్క వేశాను. కట్టి బయటపడితే నష్టం 322. భయపడి ఉండిపోతే, నెలకు 65లో 25 పోగా 40 చొప్పున, 14 నెలలకు 560. అంటే జరిమానా కట్టి పారిపోయినా నాకు 238 మిగులుతుంది. సంతోషం పట్టలేక వెనక్కి కూడా లెక్కేశాను. అది చెయ్యకుండా ఉండాల్సింది. గడిచిన 22 నెలలకు నేను అదనంగా కట్టింది 880. ఫోను ధర 828. ఉచిత ఫోనుకు పూర్తి ధర ఎప్పుడో చెల్లించేశాను. నెలకు 23 కొసరు వేస్తూ, తూకంలో 40 కొట్టేశారు. నేను కొసరు చూస్తూ కూర్చున్నాను.

322 కట్టేశాను. తాళం తీశారు. నంబరు నాదే, ఫోనూ ఇప్పుడు నిజంగా నాదే. డబ్బు తిరిగిమ్మని నేను అడగడం లేదు. సంతకం నాది, సంబరం నాది. నా ప్రార్థన ఒక్కటే. మా ముసలమ్మ తూకం అందరికీ కనబడేలా గాలిలో పట్టుకునేది. నెలనెలా ప్లస్ 23, మైనస్ 23 అని రెండు గీతలు రాసే ఓపిక ఉన్న కంపెనీవారు, కింద మూడో గీతలో ఆ 40 కూడా రాయాలి. సిరా ఖర్చు అవుతుందంటారా? నాది పేపర్‌లెస్ బిల్లు.