కందం మోస్తున్న బండను

నేను బండను. కరీంనగర్ నుంచి జగిత్యాల రోడ్డు పట్టుకొని వస్తే గంగాధర మండలంలో కురిక్యాల ఊరు వస్తుంది. ఆ ఊరి పక్కన బొమ్మలమ్మ గుట్ట మీద ఉంటాను. చుట్టూ ఉన్న గుట్టలకూ నాకూ పుట్టుకలో తేడా లేదు, అందరిదీ ఒకే గ్రానైటు. వాటికి లేనిది నాకున్నది ఒక్కటే, 10వ శతాబ్దంలో నా ఒంటి మీద చెక్కిన రాత.

రాయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. అప్పుడు ఈ నేలను వేములవాడ చాళుక్యులు ఏలుతున్నారు. రెండో అరికేసరి కొలువులో ఉండి పంపడు కన్నడంలో భారతం రాశాడు. ఈ అన్నదమ్ముల పెద్దలది వేంగి దేశంలోని వంగిపర్రు. అన్న కన్నడంలో కావ్యం చెప్పాడు, తమ్ముడు క్రీ.శ. 945 ప్రాంతంలో నా దగ్గరికొచ్చి సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింట్లోనూ శాసనం వేయించాడు. ఉలి దెబ్బల సంగతి ఎక్కువ చెప్పను. నడుమ గరుడుని మీద కూర్చున్న జైన దేవత చక్రేశ్వరిని, ఆమె పక్కన జినులను చెక్కారు. బొమ్మల దగ్గరే అక్షరాలు దిగాయి.

ఆ అక్షరాల్లో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. తెలుగు పద్యం శాసనాలకు ఎక్కడం నాతో మొదలు కాలేదు. 848 నాటి అద్దంకి శాసనంలోనే తరువోజ పద్యం ఉంది. కానీ కందం మొదట దొరికింది నా మీదే. నన్నయ భారతం మొదలుపెట్టడానికి ఇంకా నూరేళ్లు ఉండగానే, ఈ ఉత్తర తెలంగాణ గుట్ట మీద గణాలూ ప్రాసా కుదిరిన కందం నిలబడి ఉంది. పంపని వంశం గురించి లోకానికి తెలిసిన సంగతుల్లో చాలా భాగం నా ఒంటి మీది రాత నుంచే వెళ్లాయి. జినవల్లభుడు త్రిభువనతిలకమనే జైన బసదిని కట్టించాడు. కవితాగుణార్ణవమని అన్న బిరుదు పెట్టి చెరువు తవ్వించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు. ఆ బసది, ఆ తోట ఇప్పుడు కంటికి కనిపించవు. వాటి పేర్లను మాత్రం నేను జారవిడవలేదు.

తర్వాత రాజులు మారారు, మతాలు మారాయి. చక్రేశ్వరి ఊరివాళ్లకు బొమ్మలమ్మ అయింది. ఆ మార్పు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పిల్లలు చల్లగుండాలని మొక్కిన ఆడవాళ్లే ఇన్ని వందల ఏళ్లు నన్ను కాపాడారు. అమ్మవారు ఉన్న బండ మీద గొడ్డలి వేయకూడదని వాళ్లు పిల్లలకు నేర్పారు. చదువు రానివాళ్లు నా అక్షరాలను అలా నిలబెడితే, చదువుకున్నవాళ్లలో కొందరు మేకుతో తమ పేర్లు గీసి పోయారు. అక్షరం స్పష్టంగా కనబడాలని సున్నపు ముక్కతో రుద్దినవాళ్లున్నారు. శాసన పండితులు వచ్చిన రోజుల్లో ఎంత జాగ్రత్త చూశానో! తడిపిన కాగితాన్ని నా మీద పరిచి, కుంచెతో మెల్లగా అద్ది, సిరా పూసి అచ్చు తీసుకున్నారు. ఒక్క గీత కూడా నొప్పించలేదు.

మేకు గీతలు పైపైన ఉండేవి. క్వారీ దెబ్బ మాత్రం నేరుగా లోపలికి వచ్చింది.

కరీంనగర్ గ్రానైటుకు దేశదేశాల్లో గిరాకీ ఉంది. గుట్టకు వరసగా బెజ్జాలు వేస్తారు, మందు పెట్టి పేలుస్తారు, వజ్రపు పూసల తీగతో పాలకోవ కోసినట్టు బ్లాకులు కోస్తారు. లారీల మీద, రైలు బోగీల్లో ఆ బ్లాకులు ఓడరేవులకు పోయి, అక్కడి నుంచి చైనా దాకా వెళ్తాయి. నేను పుట్టినప్పటి నుంచి చూసిన గుట్టలు ఒక్కొక్కటే అలా వెళ్లిపోయాయి. పొద్దున సూర్యుడు ఏ గుట్ట భుజం మీద నుంచి లేస్తాడో నాకు కంఠతా వచ్చు. ఒక ఏడాది చూస్తే ఆ భుజం లేదు. ఇంకో ఏడాది ఆ గుట్టే లేదు, దాని చోట నీళ్లు నిలిచిన గుంత ఉంది. వర్షం వస్తే గుట్టల మీద నుంచి ఏ వాగు ఎటు దిగేదో, ఏ పొదలో నెమళ్లు గుడ్లు పెట్టేవో ఇప్పుడు చెప్పడానికి సాక్ష్యం కూడా మిగలలేదు.

నాకు దగ్గరలో బాంబు పేలిన ప్రతిసారీ అదురు నా లోపలి దాకా పాకింది. మనుషులకు అది ఒక్క చప్పుడు, దులుపుకొని పోతారు. నాకు అలా కాదు. గ్రానైటులో కంటికి కనిపించని సన్నని బీటలుంటాయి. ఒక అదురు ఆ బీటను వదులు చేస్తుంది, తర్వాతి వానకు అందులో నీరు దిగుతుంది, ఎండకు అది విచ్చుకుంటుంది. పగులు ఒక్క అక్షరం గుండా పోయినా ఆ పద్యం మళ్లీ అతకదు. శాసనం ఉన్న ముక్కను వదిలేసి మిగతాది కోసుకుంటామని ఒకప్పుడు ఎవరో నా ముందే నిలబడి మాట్లాడుకున్నారు. నాకూ గుట్టకూ మధ్య కీలు ఎక్కడుంది? మేమిద్దరం ఒకే రాయి. నా కాళ్ల కింది రాయి పోయాక నేను నిలబడేది దేని మీద?

ఈ బాధలో ఉన్నప్పుడే ఒక ఆదివారం కరీంనగర్ నుంచి ఒక గుంపు వచ్చింది. డిగ్రీ పిల్లలు, వాళ్లకు తెలుగు చెప్పే సారు, ఉద్యోగం మీద ఇక్కడ ఉంటున్న ఒక కన్నడ ఆయన. పాత కట్టడాలు చూడాలని పొద్దున్నే బయల్దేరారట. మొదట మానేరు ఒడ్డున ఎలగందుల ఖిల్లా ఎక్కారు. 1754లో జఫరుద్దౌలా కట్టించిన దో మినార్ చూసి, ఒక మినారు ఎక్కి ఊపితే అది కదిలిందని పిల్లలు ఆయాసపడుతూ చెప్పుకుంటున్నారు. ఎలగందుల ఒకప్పుడు జిల్లాకే ముఖ్యపట్టణమని, అక్కడి ఖిల్లాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదే కరీంనగర్ వెలిసిందని సారు వాళ్లకు గుర్తు చేశారు. సాయంత్రం నాగునూరు పోయి కాకతీయుల కాలం నాటి త్రికూటాలయం చూడాలని అనుకుంటున్నారు.

నా దగ్గరికి వచ్చేసరికి నడిమింటి ఎండ. ఒక అమ్మాయి అక్షరాల మీదికి వంగి చూసింది.

"సార్, గీ అక్షరాలు కన్నడం తీర్గ ఉన్నయి."

"అప్పుడు రెండింటికీ ఒకటే లిపి బిడ్డా. విడిపోయింది తర్వాత."

కన్నడ ఆయన చెప్పులు విడిచి ముందుకొచ్చాడు. పంపని పేరున్న చోటును సారు చూపిస్తే రాతిని తాకకుండా వేలు గాలిలోనే నడిపించి చదువుకున్నాడు. చిన్నప్పుడు బడిలో పంప భారతం చదివానని, ఆ కవి ఇంటి సంగతులన్నీ తెలంగాణలో ఒక బండ మీద ఉన్నాయని తెలిసి చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నానని అన్నాడు. తెలుగుకూ కన్నడకూ ప్రాచీన హోదా ఒకే ఏడాది, 2008లో వచ్చింది. ఆ రెండు భాషలూ నా మీద పక్కపక్కనే వెయ్యేళ్లకు పైగా ఎండకూ వానకూ ఓర్చుకున్నాయి.

సారు పిల్లల్ని నీడన కూర్చోబెట్టి ఎవరికైనా సుమతీ శతకం వచ్చా అని అడిగారు. నలుగురైదుగురు గొంతు కలిపి ఒక పద్యం చెప్పారు. "మీరు చెప్పింది కందమే. గగ, భ, జ, స, నల, ఈ అయిదు గణాలే రావాలి, అన్నీ నాలుగు మాత్రలవే. సగం పద్యానికి ఎనిమిది గణాలు, అందులో ఆరోది నలమన్నా కావాలి, జగణమన్నా కావాలి" అని తొడ మీద తాళం వేస్తూ చెప్పారు. తర్వాత అచ్చు కాగితం తీసి నా పద్యం చదివారు. జినాలయాలు ఎత్తించడంలో, జినపూజ చేయడంలో, మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభునికి సాటి రాగలవారెవరని దాని భావం. పిల్లలు అదే తాళంలో నా పద్యం అందుకున్నారు. సుమతి పద్యానికి వేసిన తాళం దీనికీ సరిపోయింది. వెయ్యేళ్ల కిందటి నడక నేటి పిల్లల నోట తడబడకుండా సాగడం నేను చెవులారా విన్నాను.

వాళ్లలో ఒక అబ్బాయి మాత్రం పాడలేదు. దూరంగా తెల్లగా కనిపిస్తున్న క్వారీ గోడ వైపు చూస్తున్నాడు. "మా నాయిన డ్రిల్లింగు పనికి పోతడు సార్. క్వారీలు బందు పెడితే మాకెట్ల?" అన్నాడు. అతని తండ్రి మీద నాకు కోపం లేదు. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకునేవాడు గుట్టకు శత్రువు కాడు. సారు కూడా తొందరపడి జవాబు చెప్పలేదు. "అన్ని గుట్టలూ అని ఎవరన్నరు బిడ్డా? రాత ఉన్న గుట్టలు జిల్లాలో ఎన్నున్నయని? వీటికి దూరంగ ఉండుమంటున్నం" అన్నారు. ఆ అబ్బాయి అప్పుడు లేచి నా చుట్టూ తిరిగి, పాత పగుళ్లు ఎక్కడెక్కడున్నాయో ఫోనులో ఫోటోలు తీశాడు. తండ్రి పని చూసినవాడు కనుక ఏది వానకు వచ్చిన పగులో, ఏది అదురుకు వచ్చిన పగులో మిగతావాళ్లకంటే బాగా గుర్తుపట్టాడు.

ఊరి అవ్వ ఒకామె చేతిలో పూలతో పైకి వచ్చింది. "ఏడికెళ్లి వచ్చిండ్రు బిడ్డా?" అని అడిగి, కరీంనగర్‌కెళ్లి అంటే వాళ్లకు బొమ్మలమ్మ కథ చెప్పింది. ఆమె కథలో జినవల్లభుడు లేడు, పంపడు లేడు. అమ్మ మాత్రం ఉంది. పిల్లలు ఆమెను అడ్డుకోకుండా చివరిదాకా విన్నారు.

దిగే ముందు సారు ఒక దరఖాస్తు రాయించారు. గుట్టకు ఎంత దూరం దాకా పేలుళ్లు జరగకూడదో కొలిచి హద్దురాళ్లు పాతాలని, పగుళ్లను రాతి నిపుణులతో చూపించాలని, పద్యాలను నేటి లిపిలో రాసిన పలక ఒకటి పెట్టాలని అందులో ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి తీసుకుపోదామని అనుకున్నారు. "మెట్ల సంగతి, తాగే నీళ్ల సంగతి గూడ రాయుండ్రి" అని అవ్వ చెప్పి వేలిముద్ర వేసింది. డ్రిల్లింగు పనివాడి కొడుకు తన ఫోటోలను జతపరుస్తూ సంతకం పెట్టాడు. కన్నడ ఆయన ఒక ప్రతి అడిగి తీసుకొని, కన్నడంలోకి మార్చి బెంగళూరులో పంపని చదివేవాళ్లందరికీ పంపిస్తానని, వాళ్ల సంతకాలు కూడా తెప్పిస్తానని సారుకు మాట ఇచ్చాడు.