మా రోజుల్లో పరాయి ఊరి చదువు

ఒక సెమిస్టరు విదేశంలో చదివొచ్చిన పిల్లలు కనిపిస్తే నేను ఒకటే అడుగుతాను: అక్కడివాళ్ల ఇంట్లో ఒక్కపూటైనా భోంచేశారా అని. ఎక్కువమంది లేదంటారు. ప్రాగ్ చూశాం, పారిస్ చూశాం అని ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. చదివిన ఊరి సంగతి అడిగితే మాత్రం రెండు మాటల్లో తేల్చేస్తారు. నాకిది మింగుడుపడదు.

మా రోజుల్లో, అంటే డెబ్భైల్లో, మద్రాసు ఐఐటీ నుంచి పశ్చిమ జర్మనీకి ఒక దారి ఉండేది. 1959లో ఆ సంస్థ మొదలైందే జర్మన్ల సాయంతో. ఆహెన్, బెర్లిన్, బ్రౌన్‌ష్వైగ్, స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయాలతో దానికి రాకపోకలు. అక్కడి ప్రొఫెసర్లు మద్రాసు వచ్చి పాఠాలు చెప్పేవాళ్లు, ఇక్కణ్ణుంచి మాబోటివాళ్లు అక్కడికి వెళ్లేవాళ్లం. జర్మన్ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ ఇచ్చే స్కాలర్‌షిప్ వచ్చిందంటే ఊరంతా చెప్పుకునేవారు. విదేశీ మారకానికి కటకటలాడే కాలం. విమానం ఎక్కేటప్పుడు నా చేతిలో ఉన్నది ఎనిమిది డాలర్లు.

దిగీ దిగగానే యూనివర్సిటీకి పంపలేదు. ముందు భాష నేర్చుకోమన్నారు. గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్లకి ష్వేబిష్ హాల్, ప్రీన్ లాంటి చిన్న ఊళ్లలో కూడా బళ్లు ఉండేవి. పొద్దున క్లాసు, మిగతా రోజంతా ఊరే బడి. ఒక పెద్దావిడ ఇంట్లో గది ఇచ్చారు. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. కొట్లు మామూలు రోజుల్లో సాయంత్రం ఆరున్నరకి, శనివారం మధ్యాహ్నం రెండింటికే కట్టేయాలని అక్కడ చట్టం. ఆదివారం అసలు తెరవరు. ఒక శనివారం సాయంత్రం నా దగ్గర తినడానికేమీ లేదని కనిపెట్టి, ఆవిడే తలుపు తట్టి వంటింట్లోకి పిలిచింది. నల్లటి రొట్టె, జున్ను, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు బల్ల మీద పెట్టింది. రాత్రిపూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, చల్లటి రొట్టే భోజనం. వేడన్నం తిని పెరిగిన ప్రాణానికి అది గొంతు దిగదు. అయినా తిన్నాను. ఆవిడ ఒక్కో వస్తువూ పట్టుకుని పేరు చెబుతుంటే తిరిగి చెప్పాను. కత్తి, ఉప్పు, వెన్న, కిటికీ. ఆ వంటింట్లో నేర్చుకున్న జర్మనే తర్వాత థర్మోడైనమిక్స్ మౌఖిక పరీక్షలో నన్ను నిలబెట్టింది.

ఆ పరీక్షలు కూడా మన పరీక్షల్లాంటివి కావు. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చోవాలి. సూత్రం అప్పజెబితే సరిపోదు, ఎందుకలా అని అడుగుతాడు. తెలియదంటే ఆలోచించమని ఆగుతాడు. పదింటి క్లాసు పదింబావుకి మొదలవుతుంది, అది వాళ్ల ఆచారం. పాఠం అయిపోయాక చప్పట్లు కొట్టరు. హాలు హాలంతా వేలి కణుపులతో బల్లల మీద టకటకా కొడతారు. నాకు ఇప్పటికీ అంతకంటే మంచి గురుపూజ తెలియదు.

ఇంటికి ఏరోగ్రామ్ రాస్తే చేరడానికి పది రోజులు, జవాబు రావడానికి మరో పది. జ్వరం వచ్చిందని రాస్తే, కషాయం తాగమని అమ్మ రాసిన ఉత్తరం అందేసరికి జ్వరం తగ్గి, ఆ మాటే మర్చిపోయి ఉండేవాణ్ణి. ట్రంకాల్ అంటే ఎవరో పోయారని భయపడే రోజులు. అందువల్ల బాధొచ్చినా, సంతోషమొచ్చినా పక్కగది వాడికే చెప్పుకోవాలి, అదీ వాడి భాషలోనే.

ఇప్పుడు మా మనవరాలు స్టుట్‌గార్ట్‌లో ఒక సెమిస్టరు చదువుతోంది. పొద్దున లేవగానే వాళ్లమ్మకి వీడియో కాల్, రాత్రి పడుకోబోయే ముందు ఇంకోటి. గదిలో ముగ్గురూ తెలుగువాళ్లే. “జర్మన్ క్లాసుకి వెళ్తున్నావా అమ్మలూ?” అంటే, “క్లాసులన్నీ ఇంగ్లీషులోనే తాతయ్యా, బయటికెళ్తే ఫోన్ అనువాదం చేస్తుంది” అంది. తెలివైన పిల్ల. నా బాధల్లా ఆ పిల్ల ఇంకా మా ఇంట్లోనే ఉందని, స్టుట్‌గార్ట్ చేరలేదని.

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లని నేనేమీ అనను. వాళ్ల నెత్తిన బ్యాంకు అప్పుంటుంది, పార్ట్‌టైమ్ పనుంటుంది, ఉద్యోగం వెతుక్కోవాలి. ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్లేవాళ్లకి ఆ బెంగ లేదు. ఫీజు ఇక్కడి కాలేజీకే కడతారు, అక్కడి యూనివర్సిటీ చదువుకి మళ్లీ ఫీజు అడగదు. డిగ్రీ ఇక్కడిదే. బతకడానికి ఖర్చు లేదనను. స్కాలర్‌షిప్ లేనివాళ్లు జర్మనీ వీసాకి నెలకి 992 యూరోల చొప్పున, ఏడాదికైతే 11,904 యూరోలు చూపించాలి. తల్లిదండ్రులు అంత సర్ది పంపేది మనుషుల్ని చూసి రమ్మని. పాఠమే కావాలంటే ఇంట్లో కూర్చునే వినొచ్చు. యూరప్‌వాళ్లు 1987లో ఎరాస్మస్ అనే విద్యార్థుల మార్పిడి పథకం మొదలుపెట్టి, మొదటి ఏడాది 11 దేశాల మధ్య 3,244 మంది విద్యార్థుల్ని అటూఇటూ పంపారు. పక్కదేశం పిల్లలు ఒకరి ఊళ్లో ఒకరు బతికి రావాలనే కదా అంత ఖర్చుపెట్టింది!

తప్పంతా పిల్లలదే అంటే పాపం తగులుతుంది. పేరు చెప్పను గానీ, నాకు తెలిసిన ఒక కాలేజీలో ఓ కుర్రాడు ఆర్నెల్లు చక్కగా చదివొస్తే, ఆ క్రెడిట్లు మాకు చెల్లవని జూనియర్లతో మళ్లీ కూర్చోబెట్టారు. సెమిస్టరుకి 30 క్రెడిట్లని యూరప్ లెక్క స్పష్టంగానే ఉంటుంది. ఏ సబ్జెక్టుకి ఏది సరిపోతుందో వెళ్లకముందే విద్యార్థి, రెండు యూనివర్సిటీలూ కలిసి సంతకాలు చేసే పద్ధతీ ఉంది. అది చెయ్యకుండా పిల్లాణ్ణి విమానం ఎక్కించే కాలేజీకి ఫొటో వేసుకుని గొప్పలు చెప్పుకునే హక్కు లేదు.

ఈ ఏడాది వెళ్లబోయే పిల్లలకి నా మాట ఇది. సంతకాల కాగితం చేతికొచ్చాకే బయల్దేరండి. హాస్టల్లో మనవాళ్లు లేని అంతస్తు అడిగి తీసుకోండి. భాష క్లాసు ఎగ్గొట్టకండి. ఎవరైనా భోజనానికి పిలిస్తే రొట్టె అయినా సరే వెళ్లండి, మరోవారం వాళ్లని పిలిచి పప్పన్నం పెట్టండి. తల్లులూ, తండ్రులూ, మీరు వారానికి ఒక్కసారే ఫోన్ చెయ్యండి.