పెట్టీ పెట్టని రెజ్యూమె

మాదాపూర్‌లో ఏ టీ కొట్టు ముందు నిలబడ్డా వీడొకడు తగులుతాడు. మెడలో కంపెనీ ట్యాగు, చేతిలో చాయ్, నోట్లో ఒకటే మాట: "గురూ, నౌకరీలో రెజ్యూమె పెట్టమంటావా, వద్దంటావా?" పెట్టమంటే, ఎందుకు పెట్టకూడదో గంటసేపు చెప్తాడు. వద్దంటే, "అంటే నాకు బయట ఉద్యోగం రాదనేగా నీ ఉద్దేశం?" అని అలుగుతాడు.

నౌకరీ డాట్ కామ్ 1997లో పుట్టింది. అప్పటికి మనవాడు మూడో తరగతి. ఇద్దరూ పెరిగి పెద్దవాళ్లయ్యారు గానీ, పరిచయానికి ఇంకా ముహూర్తం కుదర్లేదు.

రెజ్యూమె లేక కాదు. టీమ్ లీడ్ సెలవు పెట్టిన వారం అందులో 'లీడర్‌షిప్' అయి కూర్చుంది. క్లయింటు కాళ్లావేళ్లా పడుతూ రాసిన మెయిల్ 'స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్' అయింది. అడ్డమల్లా భయమే. "మా హెచ్ఆర్ మేడమ్ పొద్దస్తమానం ఆ సైటులోనే ఉంటుంది. కొత్తవాళ్లను వెతకబోయి నన్ను చూసిందనుకో, ఈ ఏడు హైకు గోవిందా!"

లింక్డిన్‌లో 2020 నుంచి 'ఓపెన్ టు వర్క్' అని ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రం పెట్టుకోవచ్చు. అది మనవాడి దృష్టిలో కాలనీ వాట్సాప్ గ్రూపులో అప్పు అడగడంతో సమానం. పోనీ, రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చుగా? పెట్టుకోవచ్చు. కానీ సొంత కంపెనీ రిక్రూటర్లకు తెలియకుండా చూస్తామే తప్ప పూర్తి హామీ ఇవ్వలేమని లింక్డినే చెప్పేసింది. ఆ ఒక్క ముక్కతో మనవాడికి నిద్ర పోయింది.

చివరికి తను పని నేర్పిన జూనియర్ మంచి హైకుతో ఎగిరిపోయాక పౌరుషం పొడుచుకొచ్చింది. నౌకరీలో ఫలానా కంపెనీకి మన ప్రొఫైల్ కనపడకుండా బ్లాక్ చేసే వీలుందని తెలిసి ధైర్యమూ వచ్చింది. ముందు సొంత కంపెనీని బ్లాక్ చేశాడు. తర్వాత క్లయింటుని. తర్వాత బావమరిది పనిచేసే కంపెనీని, లేకపోతే అత్తారింట్లో తెలిసిపోతుంది. పాత మేనేజరు చేరిన కంపెనీని, ఆయన చేరతాడని పుకారున్న కంపెనీని కూడా. అర్ధరాత్రి దాకా మేలుకుని, తనకు ఉద్యోగం ఇవ్వగలవాళ్లందరినీ వరసగా బ్లాక్ చేసి, అప్పుడు రెజ్యూమె పెట్టాడు.

"ఏమండీ, ఇంత దాచుకునేదానికి అక్కడ పెట్టడం దేనికి?" అంది వాళ్లావిడ.

"నీకు తెలీదు, ఊరుకో."

తాజాగా మార్చిన ప్రొఫైళ్లు రిక్రూటర్ల కంట ముందు పడతాయని ఎవరో చెప్పారు. అంతే, రోజూ పొద్దున్నే ఒక ఫుల్‌స్టాప్ తీసేస్తాడు, సాయంత్రం మళ్లీ పెడతాడు. ఫోన్లూ మొదలయ్యాయి. ఒకడు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మిపెట్టమన్నాడు. ఇంకొకడు రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఆఫర్ లెటర్ ఖాయమన్నాడు. ఉద్యోగమిచ్చేవాడు మనకు జీతమిస్తాడు గానీ మన దగ్గర ఫీజు పుచ్చుకోడు కదా! మనవాడి పిరికితనం అక్కరకొచ్చింది అక్కడొక్కచోటే, ఠక్కున ఫోన్ పెట్టేశాడు.

మొన్న ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్. "సర్, మాదాపూర్‌లో పెద్ద ఎమ్మెన్సీ. మీకు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. ఇప్పుడొచ్చేదాని మీద 40 శాతం హైకు. క్లయింటు పేరు ఇప్పుడే చెప్పకూడదు."

వివరాలు వింటూంటే మనవాడికి చెమటలు పట్టాయి. ప్రాజెక్టు తనదే. బిల్డింగు తనదే. ఖాళీ అయిన సీటు, తన పక్కనుంచి ఎగిరిపోయిన జూనియర్‌ది!

"నోటీస్ పీరియడ్ ఎంత సర్?"

"90 రోజులు."

"అయ్యో! మా క్లయింటు అన్నాళ్లు ఆగరు సర్. ఇమీడియట్ జాయినర్ కావాలి."

ఆ 90 రోజుల షరతు పెట్టింది ఆ క్లయింటే. మనవాడికి అదేం పట్టలేదు. టీ కొట్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని పొంగిపోయాడు: "చూశావా గురూ! మా కంపెనీకే దొరికి కూడా దొరకలేదు!"