కంపితం గుర్తు చెప్పిన కథ

నేనొక సీసపు ముక్కను. నా నెత్తిన చిన్న అల చెక్కి ఉంటుంది. పుస్తకంలో ఏ స్వరం మీద నేను కనబడితే, వీణ మీద ఆ స్వరస్థానంలో ఎడమచేతి వేళ్లుంచి, మీటి, తంతిని కదిలించమని అర్థం. ఆ కదలిక పేరు కంపితం. అక్షరాలకు ఏ పుస్తకంలోనైనా చోటుంటుంది. నేనూ నా తోబుట్టువులూ మాత్రం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ కోసమే పుట్టాం. 1904లో ఎట్టయాపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయిన గ్రంథమది. దాదాపు 1700 పుటలు, అంతా తెలుగు లిపిలో.

ఎట్టయాపురం దక్షిణాన తమిళ దేశంలో ఉంది కదా, అక్కడ తెలుగు పుస్తకమేమిటని అడుగుతారేమో. ఆ ఊరి జమీందారుల పూర్వులు చంద్రగిరి వైపు నుంచి తరలివెళ్లినవారు. ఆ రోజుల్లో దక్షిణాది ఆస్థానాల్లో పాటకు తెలుగే ఇంటిభాష. వర్ణాలు తెలుగు, పదాలు తెలుగు, కృతుల్లో పెద్ద భాగం తెలుగు. సంస్కృత కీర్తనలను కూడా ఎందరో తాళపత్రాల మీద తెలుగు లిపిలోనే దాచుకున్నారు. కాబట్టి ఆ గ్రంథం తెలుగులో రావడంలో వింతేమీ లేదు. నేటి తెలుగువాళ్లలో ఎక్కువమందికి దాని పేరు కూడా తెలియకపోవడమే నన్ను బాధపెట్టే విషయం.

గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులవారు 1839లో పుట్టారు. వాగ్గేయకారులు ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారికి కూతురి కొడుకు. తాతగారే ఆయన్ను దత్తత తీసుకున్నారు. పాశ్చాత్యుల ఫిడేలును మన సంగీతానికి మలిచినవారిలో ముందువరసలో చెప్పుకునే మనిషి ఆ బాలుస్వామి. ఆయన ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసుడు. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో దీపావళినాడు కన్నుమూసిందీ ఆ ఊళ్లోనే. ఆయన సమాధీ అక్కడే ఉంది. అంటే సుబ్బరామ దీక్షితులవారి చేతిలో ఉన్నది పుస్తకాలు చదివి పోగుచేసుకున్న విద్య కాదు. ఇంట్లో విన్నది, వీణ మీద వేళ్లతో నేర్చుకున్నది, వంశం తాళపత్రాల్లో దాచుకున్నది.

అలాంటి సొత్తు ఇల్లు దాటి బయటికి రావడం తేలిక కాదు. దాన్ని బయటికి రప్పించడానికి పట్టుబట్టిన మనిషి చిన్నస్వామి ముదలియారుగారు. మద్రాసు సచివాలయంలో ఉద్యోగి, క్రైస్తవ కుటుంబీకుడు, పాశ్చాత్య సంగీత లిపి బాగా ఎరిగినవాడు. మన కృతులను ఆ ఐదు గీతల లిపిలో రాసి 1890ల మొదట్లో తానే అచ్చువేయించారు. 1899లో ఎట్టయాపురం ప్రభువు పట్టాభిషేకానికి వచ్చినప్పుడు, దీక్షితులవారి దగ్గరున్నదంతా గ్రంథంగా రావాలని ప్రభువుకు విన్నవించారు. ప్రభువు ఒప్పుకుని ఖర్చు భరించారు. ఒక విద్వాంసుడి జ్ఞాపకం, ఒక ఉద్యోగి పట్టుదల, ఒక జమీందారు ధనం కలిస్తేనే ఆ పని సాగింది. మూడింటిలో ఏది లేకపోయినా నాకు పుట్టుకే లేదు.

ఇక నా పని చెబుతాను. కథ చెప్పే పుస్తకమైతే కంపోజిటరు కేసు గదుల్లోంచి అక్షరాలు ఏరి స్టిక్కులో వరసగా పేర్చుకుపోతాడు. సంగీతం పేజీ అలా కుదరదు. మధ్యన స్వరాలు, వాటికింద సాహిత్యం. ఏ స్వరం కింద ఏ అక్షరం పలకాలో సరిగ్గా దానికిందే పడాలి. తారస్థాయి, మంద్రస్థాయి తెలిపే చుక్కలుండాలి. కాలం రెట్టింపయిన చోట గీతలుండాలి. తాళం అంగాలను విడదీసే గీతలు వేరే. ఇవన్నీ కుదిరాక స్వరం నెత్తిన మేము. కంపితం నేను. స్ఫురితం, ప్రత్యాహతం మూడేసి చుక్కలవారు, ఒకరికొకరు తలకిందులు. పైకి జారేదానికి ఎగువాలు గీత, కిందికి జారేదానికి దిగువాలు గీత. నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒదుక్కల్, ఓరికై అని తక్కినవారు. సీసం మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటాయి కనుక కంపోజిటరు ఇదంతా తిరగేసి చూస్తూ పేర్చాలి. చుక్క ఒక్కటి పక్క స్వరం మీదికి జరిగితే పాటే మారిపోతుంది. ప్రూఫు చూసేవాడికి తెలుగు వస్తే సరిపోదు, పాడుకుంటూ చూడగలగాలి.

ఇందులో తెలుగు లిపి చేసిన మేలు ఒకటుంది. హ్రస్వం ‘స’ అని ఉంటే ఒక అక్షరకాలం, దీర్ఘం ‘సా’ అని ఉంటే రెండు. వేరే గుర్తు అక్కర్లేకుండా గుణింతమే కాలం చెప్పేస్తుంది. చదువుకున్న పిల్లవాడెవడైనా దాన్ని పట్టుకోగలడు.

గ్రంథం నడిచిన దారి డెబ్బై రెండు మేళాలది, అంటే తల్లి రాగాలది. అయితే ఇవాళ పాఠాల్లో చెప్పే కనకాంగి, రత్నాంగి వరస కాదది. కనకాంబరితో మొదలై రసమంజరితో ముగిసే పాత వరస. ఇరవై రెండో మేళం దగ్గర ఖరహరప్రియ కోసం వెతికితే అక్కడ శ్రీరాగం కనబడుతుంది. ప్రతి రాగానికీ ముందు లక్షణ శ్లోకం, దానిమీద తెలుగులో వివరణ, ఆ తర్వాత గీతం, తానం, కీర్తన లాంటివి దొరికినంత మేరకు, చివర సుబ్బరామ దీక్షితులవారు తామే కూర్చిన సంచారి, అంటే రాగం నడకలను చూపే స్వర రచన. రాగం ఇలా ఉంటుందని శాస్త్రం చెప్పాక, అది నడిచిన చోట్లన్నీ చూపించడం ఆయన పద్ధతి. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు రెండు వందలకు పైగా, మాలాంటి గమక చిహ్నాలతో సహా ఇందులో ఉన్నాయి. క్షేత్రయ్య పదాలున్నాయి, శ్యామశాస్త్రులవారి రచనలున్నాయి. శార్ఙ్గదేవుడి దగ్గర్నుంచి డెబ్బైకి పైగా సంగీత పురుషుల చరిత్రలు రాశారు. త్యాగరాజస్వామి కృతులు మాత్రం చాలా తక్కువ. ఆయన పాఠాలు వేరే శిష్య పరంపరల్లో ఉన్నాయి. తన ఇంటి వైపు నుంచి వచ్చినదాన్ని నిలబెట్టడమే దీక్షితులవారు మీదేసుకున్న పని.

నా గురించి ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. స్వరాన్ని కదిలించమని మాత్రమే నేను చెప్పగలను. తోడిలో గాంధారం ఎంత కదలాలి, అదే గాంధారం ఇంకో రాగంలో ఎంత నిలకడగా ఉండాలి అన్నది నా అలలో పట్టదు. అది గురువు నోట వినాల్సిందే. అయినా నేను లేని పేజీ కేవలం మెట్ల వరస. ‘ఇక్కడ ఊగు, ఇక్కడ జారు, ఇక్కడ నొక్కు’ అని గుర్తున్న చోట, వినే చెవి ఉన్నవాడికి సగం దారి దొరుకుతుంది. పరంపర తెగిపోయిన రాగాలకు ఆ సగం దారే ఆధారం. ఇవాళ విద్వాంసులు అరుదైన రాగాన్ని ఎత్తుకునేటప్పుడు ఈ గ్రంథం తెరిచి చూడటం అందుకే.

అచ్చయిన ఏడాదే ఉత్తరాది సంగీతానికి శాస్త్రం కూర్చుతున్న భాత్‌ఖండేగారు దక్షిణ యాత్రలో ఎట్టయాపురం వచ్చి దీక్షితులవారిని కలిశారు. 1905లో పిల్లలకోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ వచ్చింది, అదీ తెలుగులోనే. 1906లో దీక్షితులవారు పోయారు. ఆ ఊరి బిడ్డడైన మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఆయనమీద స్మృతి పద్యాలు రాశారు. దీక్షితులవారి కుమారుడు అంబి దీక్షితులు తర్వాత మద్రాసు చేరి ఆ పాఠాన్ని మరో తరానికి చెప్పారు.

అరిగిన టైపుకు రాసిపెట్టి ఉన్నది కొలిమే. నా సీసం కరిగి ఎన్ని పుస్తకాల్లో అక్షరమైందో! నా ముద్ర మాత్రం ఆ పుటల మీద మిగిలింది. మద్రాసు సంగీత అకాడమీ ఆ గ్రంథాన్ని తమిళ లిపిలో అయిదు సంపుటాలుగా వేసింది. ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ తెలుగులో మళ్లీ అచ్చువేసింది. ఈ శతాబ్దంలో ఇంగ్లీషులోకీ వచ్చింది. ఇతర భాషలవాళ్లు శ్రమపడి తమ లిపిలోకి తెచ్చుకుని చదువుకుంటున్నారు.

తెలుగు చదవగలిగిన మీకు ఆ శ్రమ అక్కర్లేదు. మీ పిల్లలు సంగీతం నేర్చుకుంటుంటే, వాళ్లు పాడే రాగం ఏదైనా ఒకటి ఆ గ్రంథంలో వెతికి, లక్షణం నుంచి సంచారి దాకా గురువుగారి ఎదుట పెట్టి చదివించండి. మీ ఊరి గ్రంథాలయంలో, సంగీత కళాశాలలో అది లేకపోతే తెప్పించమని అడగండి.