నదులనుకున్న దొంగలు

ఫాక్‌నర్ చివరి నవల ‘ద రీవర్స్’. 1962లో వచ్చింది. అట్ట మీద ఆ పేరు చూసి, ‘రివర్స్’కి పాతకాలపు స్పెల్లింగు కాబోలని నాకు నేనే తీర్మానించుకున్నాను. అక్కడితో ఊరుకున్నానా? మిసిసిపీ రాష్ట్రంవాడు నది గురించి కాక ఇంకేం రాస్తాడంటూ నలుగురిలో ఉపన్యాసం దంచాను. ఒక్కరూ కాదనలేదు, వాళ్లూ చదవలేదు మరి. తీరా పుస్తకం తెరిస్తే అది నదుల గురించి కానే కాదు. తాతగారి మోటారు కారెక్కి ఆయనకు చెప్పకుండా మెంఫిస్ ఉడాయించిన పిల్లాడి కథ అది.

రీవ్ అంటే దోచుకోవడం. ప్రాచీన ఇంగ్లిషు నాటి క్రియ, మనకు తెలిసిన ‘రాబ్’కి దూరపు చుట్టం. మిగతా చోట్ల మరుగున పడ్డా ఇంగ్లండ్-స్కాట్లండ్ సరిహద్దులో బతికింది. అక్కడ దానికి చేతినిండా పని! ఆర్మ్‌స్ట్రాంగులు, ఎలియట్లు, గ్రాహములు, నిక్సన్లు అనే వంశాలవాళ్లు రాత్రుళ్లు పొడుగయ్యే రోజుల్లో గుర్రాలెక్కి వెళ్లి ఎవరి మందలు దొరికితే వాళ్లవి తోలుకొచ్చేవారు. మనవాడా పైవాడా అని చూసుకునేది లేదు, స్కాట్లు స్కాట్లనూ దోచారు. సొమ్ము పోయినవాడికి చట్టం ఆరు రోజుల గడువిచ్చేది. ఈటె మొనకు మండే మట్టిపెళ్ల గుచ్చుకుని, వేటకుక్కలతో, కేకలు వేస్తూ సరిహద్దు దాటి మరీ తరుముకోవచ్చు. 1525లో గ్లాస్గో ఆర్చిబిషప్ గావిన్ డన్‌బార్ ఈ దొంగల తల వెంట్రుకల నుంచి అరికాళ్ల దాకా పేరుపేరునా శపించాడు. వాళ్లు ఖాతరు చేస్తేగా. 1603లో రెండు రాజ్యాలకూ ఒకడే రాజయ్యాక ఉరితాళ్లే వాళ్ల పని పట్టాయి.

ఇంత చదివాకైనా నోరు కట్టుకోవాలా? ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లను ఇంగ్లిషులో ‘బిరీవ్డ్’ అంటారు గదా, ఆ మాట ఈ దొంగల చలవేనని ఎక్కడో చూసి ప్రచారం మొదలెట్టాను. నిఘంటువు తీస్తే, ఈ ముఠాలు పుట్టడానికి వందల ఏళ్ల ముందే ఉందది! ఒకే వేరు, అంతే.

బ్లాక్‌మెయిల్ మాత్రం అచ్చంగా ఆ సరిహద్దుదే. మా గొడ్ల జోలికి రాకండి బాబూ అని రైతులు కట్టుకున్న కప్పం. మెయిల్ అంటే అక్కడ శిస్తు, టపా కాదు. నేనేమో అది నల్ల కవరులో వచ్చే బెదిరింపు ఉత్తరమని పెద్దయ్యాక కూడా నమ్మాను. తప్పంతా నాదే కాదు, మన సినిమాల్లో విలన్లు ఉత్తరాలే కదా రాసేవారు!