పూర్వజన్మ సర్వీసు

మన సర్కారుకి పునర్జన్మ మీద గట్టి నమ్మకం. పూర్వజన్మ సుకృతం మీదే బొత్తిగా నమ్మకం లేదు.

ఆమదాలవలస వైపు మిషన్ వారి ఎయిడెడ్ బడిలో 1992లో చేరిన మాస్టారొకరు ఉన్నారనుకుందాం. ప్రార్థన మేనేజ్‌మెంటుది, జీతం ఖజానాది. పాఠ్యపుస్తకాలు, పదో తరగతి పరీక్షలు, ఇన్‌స్పెక్షన్లు అన్నీ సర్కారువే. 1854 వుడ్స్ డిస్పాచ్ నాటి నుంచీ నడుస్తున్న గ్రాంటు సంసారమిది. మైనారిటీ బడి అన్న కారణంతో గ్రాంటు దగ్గర వివక్ష చూపొద్దని రాజ్యాంగం 30వ అధికరణలో రాసి మరీ పెట్టింది. పెన్షను దగ్గర ఏం చెయ్యాలో రాయడం మరిచిపోయింది కాబోలు.

2006లో డీఎస్సీ కొట్టి ఆయన జిల్లా పరిషత్ హైస్కూలుకి మారారు. చుట్టుపక్కల పిల్లలే, అవే ఎక్కాలు, అదే ట్రెజరీ. పోయింది గేటు మీది సిలువ ఒక్కటే. దాంతోపాటు 14 ఏళ్లూ పోయాయి. పెన్షను సెక్షనులో అడిగితే ఇదీ జవాబు:

"పాత బడికి రాజీనామా ఇచ్చేసినారా మాస్టారూ? ముందుగా పర్మిషను తీసుకోనేదా? కరస్పాండెంటు లెటరేదీ? నేదా? అయితే మరేటి సేస్తాం!"

రాజీనామా చేస్తే పాత సర్వీసు గల్లంతు. ముందే అనుమతి పుచ్చుకొని, పద్ధతి ప్రకారం వస్తేనే దానికి ప్రాణం. పైగా కొత్త బడిలో చేరింది 2004 సెప్టెంబరు 1 తర్వాత కనక తిన్నగా సీపీఎస్ అనే కాంట్రిబ్యూటరీ పెన్షను స్కీములోకి. పాత పెన్షను లెక్కలో అయితే 33 ఏళ్ల సర్వీసుంటే ఆఖరి మూల వేతనంలో సగం పెన్షనుగా రావాలి. 62 ఏళ్లు నిండి 2026లో దిగిపోయే ఈయన పాఠం చెప్పింది 34 ఏళ్లు, లెక్కకొచ్చేది 20. సీపీఎస్‌లో ఆ 20కి కూడా భరోసా లేదు, మార్కెట్ దయ. వారంలో సీపీఎస్ రద్దు అని 2019 ఎన్నికల ముందు మాటిచ్చినవారు 2024లో గద్దె దిగిపోయారు గానీ, ఆ వారానికి ఆదివారం ఇంకా రాలేదు.

పెన్షను దయాధర్మం కాదని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న చెప్పింది. ఏటా ఆ రోజున పెన్షనర్లు సభ పెట్టుకుంటారు. మన మాస్టారు వెనక బెంచీలో కూర్చోవచ్చు, దానికి పర్మిషను లెటరు అక్కర్లేదు.

విడ్డూరం ఏమిటంటే, 2021లో ఇదే రాష్ట్రం ఎయిడెడ్ యాజమాన్యాలను పిలిచి, సిబ్బందిని మాకప్పగించండి, ఆస్తులతో సహా బడులిచ్చినా సరే పుచ్చుకుంటాం అంది. భూమితో కలిసొస్తే మాస్టారు మనవాడే. పరీక్ష రాసి, ఒంటరిగా, చేతిసంచీతో వస్తే ఎవరో పరాయివాడు.

ఆమదాలవలస ఊరి స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది. అంతమాత్రాన ఆమదాలవలస లేదని రైల్వే వారు టిక్కెట్టు కొట్టడం మానలేదు. ఆ పాటి ఇంగితం పెన్షను సెక్షనుకు ఎవరైనా అప్పిస్తే బాగుండు.

సర్కారుకి మతిమరుపని మాత్రం అనకండి. 1998లో ఆ మిషన్ బడిలో ఈయనకి ఒక ఇంక్రిమెంటు ఎక్కువ పడిందని రేపు ఆడిట్‌లో తేలనివ్వండి. పూర్వజన్మ సర్వీసు రిజిస్టరు దుమ్ము దులుపుకొని తనంతట తానే బల్ల మీదికి వస్తుంది. రికవరీ నోటీసులో చేరిన తేదీ, బడి పేరు, ఆఖరికి పోస్టు నంబరుతో సహా ఒక్క తప్పుండదు.