మూడు నంబరెగిరె: ఒక రేవు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
మూడు నంబరెగిరె ముసురు పట్టెను మిన్ను
మోకు బిగియ గట్టి మూల నుంటి
బియ్యమున్న దింక బీడి లేదని పల్కె
వంటవాడు చలికి వంగి వంగి

అవతారిక: శీతకాలపు ముసురుకు వేట ఆగిపోగా, విశాఖపట్నం చేపల రేవులో బోటు మీదే కాలం వెళ్లబుచ్చుతున్న ఒక కలాసీ తన స్థితిని లోకానికి విన్నవించుకుంటున్నాడు. కవి ఎవరో తెలియదు. వ్యాఖ్యాతే పద్యం కట్టి తానే టీక రాసుకున్నాడని ఒక అపవాదు ఉంది. అది ప్రక్షిప్తం.

టీక: మూడు నంబరు = పోర్టులో ఎత్తు మూడవ నంబరు ప్రమాద హెచ్చరిక; ఎగిరెన్ = పైకి లేచెను; మిన్ను = ఆకాశము; ముసురు పట్టెను = మబ్బు కమ్మి వాన విడువకుండెను; మోకు = లావుపాటి తాడును; బిగియన్ కట్టి = బిగించి కట్టి; మూలన్ ఉంటిన్ = ఒక మూల పడియుంటిని; వంటవాడు = బోటులో వండువాడు; చలికిన్ = శీతమునకు; వంగి వంగి = మిక్కిలి వంగినవాడై; బియ్యము ఉన్నది, బీడి ఇంక లేదు అని పల్కెన్.

తాత్పర్యం: గాలివాన పట్టింది, కదలకుండా ఉన్నాం, బీడీలు అయిపోయాయి. ఇంతమాత్రమే అయితే పద్యమెందుకు, వ్యాఖ్యానమెందుకు? లోతు ముందుంది.

మూడు నంబరు: పేపర్లు చదివేవారు ఈ అంకెలను పరీక్ష మార్కుల్లాగా భావిస్తారు. అది సరికాదు. 1, 2 అంకెలు ఎక్కడో నడిసముద్రంలో ఉన్న వాయుగుండం, తుపానుల కబురు. 3 వచ్చిందంటే ఈ రేవుకే ఈదురు గాలులు తగలవచ్చని. 5, 6 తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందో చెబుతాయి, 7 రేవు మీదుగానో దగ్గరగానో దాటుతుందని చెబుతుంది. చివరిదైన 11కు అర్థం చిత్రమైనది: హెచ్చరించే కేంద్రంతోనే సంబంధం తెగిపోయింది, ఇక మీ ఇష్టం. కవి మూడును ఎంచుకోవడంలోనే ఔచిత్యం కనిపిస్తుంది. ఒకటికి ఎవరూ లేచి చూడరు. పదికి పద్యం చెప్పేంత తీరిక ఎవరికీ ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటినప్పుడు రేవులో కట్టి ఉన్న బోట్లు కూడా మునిగాయి.

ఎగిరె: పూర్వం పగలు స్తంభానికి శంకువులు, డబ్బాలు వేలాడదీసేవారు, రాత్రి ఎర్రవీ తెల్లవీ దీపాలు పెట్టేవారు. మన కవి ఫోనులో చూశాడు. కనుక ఇది లాక్షణిక ప్రయోగం.

ముసురు: "డిసెంబరు చలికాలం కదా, గాలివాన ఎక్కడిది?" అని పూర్వపక్షం. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను తూర్పుగోదావరి తీరానికీ, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరకూ వచ్చి సమాధానం చెప్పాయి.

మోకు బిగియ గట్టి: ఇక్కడ వ్యాఖ్యాత ఆగక తప్పదు. ఈ పాఠం తప్పు. "మోకు వదులు గట్టి" అన్నదే అసలు పాఠం. గణభంగం లేదు, బోటుభంగమూ లేదు. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది. పైగా వాయుగుండం దగ్గరవుతుంటే గాలి పీడనం ఒక్కో మిల్లీబారు తగ్గినప్పుడల్లా నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. తీరం మీదికి కొట్టే గాలి తోసుకొచ్చే నీళ్లు దీనికి అదనం. బోటు నీళ్లతో లేవాలి. జెట్టీ మీది ఇనప దిమ్మ లేవదు. మధ్యలో మోకు బిగిసి ఉంటే అణియం కిందికి గుంజుకుపోతుంది, లేదా తాడు పుటుక్కుమంటుంది. అలాగని మరీ వదిలేస్తే పక్క బోటును ఢీకొంటుంది, వేలాడగట్టిన పాత టైర్లు కీచుమంటాయి, పక్క బోటువాడు ఇంకా గట్టిగా అంటాడు. అందువల్ల కట్టడం ఒకసారితో అయ్యే పని కాదు. అర్ధరాత్రి ఎవడో ఒకడు గొంగళి కప్పుకుని లేచి, టార్చి వేసి, తాడు బోటు అంచుకు రాసుకునే చోట గోనె ముక్క చుట్టి, ఒక జానెడు వదిలి, తిట్టుకుంటూ వచ్చి పడుకోవాలి. బోటు మూడో వరసలో ఉంటే జెట్టీ చేరడానికి ఇంకో రెండు బోట్లు దాటాలి, అక్కడ నిద్రపోతున్న కాళ్లూ దాటాలి. "బిగియ" అని రాసిన లేఖకుడు ఒడ్డున పడుకున్నవాడై ఉండాలి.

మూల నుంటి: ఏ మూల? మూలలు నాలుగు, మనుషులు ఎనిమిదిమంది. "ఇంటికి పోరాదా?" అని మరో పూర్వపక్షం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులు. దానికి తేదీ ఉంది కనుక శ్రీకాకుళం బస్సెక్కవచ్చు. ముసురుకు తేదీ లేదు. రేపు తగ్గవచ్చు, తగ్గిన పూటే బయల్దేరాలి. ఇక ఇంటిదగ్గరి ఇల్లాలి సంగతి లక్షణకారులు ఆలోచించలేదు. భర్త దేశాంతరం పోతే ప్రోషితభర్తృక. సముద్రం మీదికీ పోక, ఇంటికీ రాక, రేవులో తాడు పట్టుకుని కూర్చున్నవాడి భార్యను ఏమనాలి?

బియ్యమున్నది: పైకి ధైర్యవచనంలా వినిపిస్తుంది. ధ్వని వేరు. ఆ బియ్యం వేటకోసం ఎక్కించినవి. వేట అయ్యాక చేపలమ్మిన డబ్బులో డీజిలు, ఐసు, తిండి ఖర్చులు ముందు తీసేసి, మిగిలినదే పాళ్లు వేస్తారు. రేవులో కూర్చుని తిన్న ప్రతి ముద్దా ఇంకా పట్టని చేపలోంచి తిన్నదే. కింద గదిలో ఐసు కూడా తన వంతు కరుగుతూ ఉంటుంది. వంటవాడు చెబుతున్నది మిగులు కాదు, అప్పు.

బీడి లేదు: ఇందలి రసం విప్రలంభ శృంగారమని కొందరు. బీడీ నాయిక, కలాసీ విరహి. కాని ఒకదానికొకటి ఆనుకుని కట్టిన బోట్లలో నిప్పు ఎంత దూరం పోతుందో 2023 నవంబరు 19 రాత్రి ఇదే రేవు చూసింది, నలభై దాకా బోట్లు కాలిపోయాయి. కనుక ఈ లేమిని దోషంగా కాక గుణంగా గ్రహించాలి. కలాసీ ఒప్పుకోడు, అది వేరే మాట.

చలికి వంగి వంగి: స్వభావోక్తి. ద్విరుక్తి చలి తీవ్రతకని పూర్వ వ్యాఖ్యాతలు. వారెవరూ బోటు కేబిన్‌లో నిలబడి ఉండరు. కప్పు ఛాతీ ఎత్తుకే ఉంటుంది. వంటవాడు మే నెలలో కూడా వంగే వండుతాడు.